లక్కముద్ర ఎవరి కోసం?

పూరీలో బయలుదేరిన కళింగ ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగా ఉత్తరాదికి సాగిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే పట్టణానికి జగన్నాథుడు దూరపు దేవుడు కాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి పొట్టకూటికోసం ఇక్కడికి వచ్చి స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలకైతే మరీ దగ్గరివాడు. అందుకే 2024 జూలై 14న పూరీ రత్నభాండారం లోపలి గదిని తెరిచిన వార్త ఇక్కడి రైల్వే కాలనీల్లోనూ పండుగ కబురులా పాకింది. బంగారం ఎన్ని మణుగులుంటుంది? వజ్రాలుంటాయా? నాగుపాము కాపలా కాస్తోందా? ఎవరి ఊహ వారిది.

ఆ రోజుల్లో నాతో మాట్లాడిన ఒక విశ్రాంత రైల్వే కార్మికుడు మాత్రం బంగారం ఊసెత్తలేదు. శ్రీకాకుళం యాసను మూడు తరాలుగా కాపాడుకుంటున్న ఇంటివాడాయన. "గది తెరిసీసినారు, బాగుంది బాబూ. మరి తాళం సెవి పోగొట్టినోడెవుడో తేలిందా?" అని అడిగాడు.

దేశ రాజకీయాలను ఏళ్లతరబడి గమనిస్తున్న నాకు ఇంతకంటే సూటి ప్రశ్న తారసపడలేదు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు విస్తరణే.

పూరీలో జరిగిందేమిటో ఒకసారి గుర్తుచేసుకుందాం. రత్నభాండారంలోని సొత్తుకు 1978లో మే 13 నుంచి జూలై 23 వరకు లెక్క కట్టారు. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు, 2018 ఏప్రిల్‌లో, కట్టడం పటిష్ఠత పరిశీలించడానికి వెళ్లిన బృందానికి లోపలి గది తాళంచెవి దొరకలేదు. రాష్ట్రం అట్టుడికింది. జూన్‌లో జిల్లా యంత్రాంగం ఒక కవరు దొరికిందని ప్రకటించింది. దానిమీద లోపలి రత్నభాండారం నకలు తాళంచెవులని రాసి ఉందన్నారు. అసలు చెవులు ఏమయ్యాయో చెప్పలేనివారికి, ఎవరూ అడగని నకలు చెవులు మాత్రం కార్యాలయం రికార్డుల్లోంచి ఊడిపడ్డాయి! జస్టిస్ రఘువీర్ దాస్ కమిషన్ వేశారు. అది 2018 నవంబరులో నివేదిక ఇచ్చింది. నవీన్ పట్నాయక్ ప్రభుత్వం ఆ నివేదికను జనం ముందు పెట్టకుండానే గద్దె దిగింది. 2024 ఎన్నికల ప్రచారంలో సాక్షాత్తు ప్రధానమంత్రి ఆ తాళంచెవులను ఓట్ల అస్త్రంగా మార్చారు. ప్రభుత్వం మారింది, గది తెరిచారు. నకలు చెవులతో తాళాలు రాలేదు. చివరకు వాటిని కోసి లోపలికి వెళ్లారు. పాములు పట్టేవారిని వెంట ఉంచుకున్నారు గాని, పాము కనిపించలేదు.

ఈ కథలో రెండు ముద్రలున్నాయి. ఒకటి గదికి వేసినది. రెండవది కమిషన్ నివేదికకు వేసినది. మొదటిదాని చుట్టూ టెలివిజన్ కెమెరాలు బారులు తీరాయి. రెండవదాన్ని పట్టించుకున్నవారు అరుదు. బంగారాన్ని దాచిన గది పురాతనమైనది, పవిత్రమైనది, దానిమీద ఊహాగానం చేయడంలో ఆనందం ఉంది. నివేదికను దాచిన బీరువా అలాంటిది కాదు. అందులో ఉండేవి అధికారుల పేర్లు, సంతకాలు, తేదీలు. అధికారానికి భయం పుట్టించేవి అవే.

నా వాదన ఇది. ముద్ర వేసిన పాత మూట చుట్టూ జనంలో చెలరేగే కుతూహలం సహజం, అమాయకం. ఆ కుతూహలాన్ని వాడుకునే రాజకీయం మాత్రం అమాయకం కాదు. చచ్చినవారి రహస్యాలను ఊరించి చూపిస్తూ, బతికున్నవారి రహస్యాలకు కొత్త లక్క కరిగించి పోసే విద్య అది.

నార్వేలోని ఓట్టా అనే చిన్న ఊళ్లో 1912 నాటి పొట్లం ఒకటి వందేళ్లు అలాగే ఉండిపోయింది. 2012లో తెరవవచ్చని దానిమీద రాసి ఉంది. చమురు నిక్షేపాల పటాలున్నాయని ఒకరు, మునిగిన టైటానిక్ నౌకలోని నీలివజ్రం ఉందని మరొకరు ప్రపంచమంతటా కథలల్లారు. 2012 ఆగస్టులో సభ పెట్టి విప్పితే నోటుపుస్తకాలు, వార్తాపత్రికలు, ఉత్తరాలు బయటపడ్డాయి. జనం నవ్వుకుని ఇంటికి వెళ్లారు. అక్కడ ఎవరూ మోసపోలేదు, ఎవరి హక్కుకూ భంగం కలగలేదు. మూట కట్టినవాడు ఎప్పుడు విప్పాలో కూడా రాసి పెట్టాడు. మన మూటలకు ఆ మర్యాద లేదు.

మర్యాద ఉన్న మూట మనకూ ఒకటుండేది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ తన రాజకీయ స్మృతులను హుమాయూన్ కబీర్ చేత రాయించారు. అందులో ముప్ఫై పేజీలను వేరుచేసి, ముద్ర వేసి, కలకత్తా జాతీయ గ్రంథాలయంలోనూ ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలోనూ భద్రపరచారు. ఆయన 1958 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. ముప్ఫై ఏళ్లు నిండాక విప్పాలన్నది షరతు. ఆ ముప్ఫై ఏళ్లూ ఆ పేజీలలో నెహ్రూ గురించి ఏముందో, పటేల్ గురించి ఏముందోనని దేశం ఊహించుకుంటూనే ఉంది. 1988లో కోర్టు వ్యాజ్యాలు దాటుకుని ముద్ర విప్పారు. పిడుగు పడుతుందనుకున్నవారికి చినుకులే దక్కాయి. సహచరుల మీద, దేశవిభజన నిర్ణయాల మీద ఆజాద్ మనసులోని కటువైన మాటలు కొన్ని బయటికి వచ్చాయి. విలువైనవే, కాని వాటితో చరిత్ర తలకిందులు కాలేదు. ఆ ముద్ర వెనుక ఉన్నది బతికున్న సహచరుల పట్ల ఒక పెద్దమనిషి చూపిన సంకోచం. దానికి గడువుంది, వేసినవారి పేరుంది, కారణముంది. అందుకే దానిని తప్పుపట్టలేం.

రెండవ రకం మూట 1973 ఆగస్టు 15న ఎర్రకోట నేలలో పాతిన కాలపత్రం. స్వతంత్ర భారత చరిత్రను భావితరాలకు అందిస్తున్నామని ఇందిరాగాంధీ ప్రభుత్వం చెప్పుకుంది. ఏమి రాశారని వర్తమాన తరం అడిగితే మాత్రం గుంభనంగా ఊరుకుంది. నేటి పౌరుడికి చూపని చరిత్రను వేల ఏళ్ల తరువాతి వాడికి చూపుతారట! జనతా ప్రభుత్వం 1977 డిసెంబరులో దానిని తవ్వి తీసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. పాతినవారిదీ రాజకీయమే, తవ్వినవారిదీ రాజకీయమే. పాతే ముందు ఆ రాతను పార్లమెంటు ముందు పెట్టి ఉంటే పారతో పని ఉండేది కాదు.

తెలుగువారికి ముద్ర వేసిన కవరు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 'సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి' అన్న మాట మన రాజకీయ నిఘంటువులోదే. ఢిల్లీ నుంచి పరిశీలకుడు వస్తాడు, జేబులో కవరు ఉంటుంది, విప్పేదాకా ఎమ్మెల్యేలకే తమ నాయకుడెవరో తెలియదు. 1978 ఎన్నికల్లో నెగ్గిన ఆ ఒక్క శాసనసభ కాలంలోనే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరుసగా నలుగురు ముఖ్యమంత్రులయ్యారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు తొమ్మిది నెలలు తిరిగేసరికి అధికారంలోకి వచ్చారంటే, ఆ కవరు మీద పేరుకున్న కసి కూడా అందుకు ఒక కారణం. కవరు లోపల ఏ పేరుందన్నది ఆనాటి విశ్లేషకుల ఊహాగానం. కవరు అసలెందుకు అన్నది ఓటరు వేసిన ప్రశ్న. గెలిచింది ఓటరు ప్రశ్నే.

ఆ ప్రశ్నను మనం మరిచిపోయామని 2019 రుజువు చేసింది. ఆ ఏడాది ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓటేశాయి. మర్నాడు, ఏప్రిల్ 12న, ఎన్నికల బాండ్ల కేసులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఏ పార్టీకి ఎవరి నుంచి ఎంత సొమ్ము బాండ్ల రూపంలో వచ్చిందో ముద్ర వేసిన కవర్లలో ఎన్నికల సంఘానికి ఇవ్వాలని దాని సారాంశం. గడువు మే 30. బిలాస్‌పూర్ ఓటరు ఏప్రిల్ 23న ఓటేశాడు. మే 23న ఫలితాలు వచ్చాయి. అంటే పెళ్లి అయిపోయిన వారానికి జాతకాలు తెమ్మన్నారు. తెచ్చాక వాటినీ విప్పలేదు. ఆ కవర్లు దాదాపు ఐదేళ్లు అలాగే ఉండిపోయాయి. ఒక పూర్తి లోక్‌సభ కాలం!

2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ పథకాన్నే రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. మార్చి 17న ఎన్నికల సంఘం కవర్లలోని సమాచారాన్ని వెల్లడించింది. డి.ఎం.కె., అన్నా డి.ఎం.కె. వంటి కొన్ని పార్టీలు దాతల పేర్లు రాశాయి. పెద్ద పార్టీలలో చాలావరకు మొత్తాలు రాసి పేర్లు దాటవేశాయి. అన్నింటికంటే చోద్యమైన జవాబు జనతాదళ్ (యునైటెడ్)ది. 2019 ఏప్రిల్ 3న పట్నాలోని తమ కార్యాలయానికి ఎవరో వచ్చి ఒక ముద్ర వేసిన కవరు ఇచ్చి వెళ్లారట. విప్పి చూస్తే ఒక్కొక్కటి కోటి రూపాయల చొప్పున పది బాండ్లున్నాయట. ఇచ్చినవారెవరో తెలియదట! కవరులో ఏముందని కోర్టు అడిగితే, కవరులో ఉన్నది ఇంకో కవరు కథ. పది కోట్లు ఇచ్చి పేరు చెప్పకుండా వెళ్లిపోయిన దాతను నమ్మమనడం ఓటరు చెవిలో పువ్వు పెట్టడమే.

స్టేట్ బ్యాంకు నుంచి వివరాలు బయటపడ్డాక ఊహలు అంకెలయ్యాయి. అత్యధికంగా కొన్నది 1,368 కోట్లతో ఒక లాటరీ సంస్థ, ఫ్యూచర్ గేమింగ్. రెండవది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే సంస్థ ఎవరికి విరాళమిచ్చిందన్నది 2019లో తెలుగు ఓటరుకు తెలియవలసిన విషయం. తెలిసి ఉంటే ఓటు మారేదా? చెప్పలేం. మార్చుకునే హక్కు మాత్రం అతనిది. ఆ హక్కును కవరులో పెట్టి ముద్ర వేశారు. రత్నభాండారంలో ఎన్ని నగలున్నా ఏ పౌరుడి ఓటుకూ తేడా రాదు. ఈ కవర్లలో ఉన్నది మన ఓటు విలువ. అయినా ఆ ఐదేళ్లలో ఏ టెలివిజన్ చానల్ వీటి మీద పాముల కథలు, నిధుల కథలు చెప్పలేదు.

ముద్ర ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. 1962 చైనా యుద్ధంలో మన సైన్యం ఎందుకు ఓడిందో పరిశీలించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదిక అరవై ఏళ్లుగా రహస్య పత్రమే. కాంగ్రెస్ ప్రభుత్వాలు దానిని విప్పలేదు. 2014 మార్చిలో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగాన్ని బయటపెట్టినప్పుడు, ప్రతిపక్షంలో ఉన్న అరుణ్ జైట్లీ అలాంటి పత్రాలను శాశ్వతంగా దాచి ఉంచరాదని రాశారు. అదే ఏడాది జూలైలో, రక్షణమంత్రి హోదాలో, దానిని వెల్లడించడం దేశప్రయోజనాలకు తగదని రాజ్యసభకు చెప్పారు. నాలుగు నెలల్లో నివేదికలో ఒక్క అక్షరం మారలేదు, మారింది కుర్చీ. 2016 జనవరి 23న మాత్రం నేతాజీకి సంబంధించిన వంద ఫైళ్లను ప్రధాని స్వయంగా ఆవిష్కరించారు. ఆ వెల్లడి మంచిదే, నేను స్వాగతించాను. అయితే ప్రత్యర్థి తాతలను ఇరుకున పెట్టగల ఫైలు చరిత్ర అవుతుంది, తమ సౌకర్యానికి అడ్డువచ్చే ఫైలు దేశభద్రత అవుతుంది. ఈ కొలతబద్దను ఎవరు తయారుచేశారు?

ఎదుటి వాదనలు లేకపోలేదు. వాటికి బలమూ ఉంది. దేశరక్షణ విషయాలన్నీ వీధిలో పరచలేం కదా అంటారు. నిజమే. నిఘా వర్గాలకు సమాచారమిచ్చినవాడి ప్రాణం, లైంగిక దాడి బాధితురాలి పేరు, బాలల వివరాలు ముద్ర వెనుకే ఉండాలి. అక్కడ ముద్ర బలహీనుడికి రక్షణ. నేను అభ్యంతరపెడుతున్నది బలవంతుడి రక్షణకు వేసే ముద్రను. ఒక పక్షం వాదనను న్యాయమూర్తి చదివి, రెండవ పక్షానికి చూపకుండా తీర్పు చెప్పడం సహజన్యాయానికి విరుద్ధమని 2023 ఏప్రిల్ 5న మీడియావన్ చానల్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కవరు సంస్కృతిని పెంచి పోషించిన న్యాయస్థానమే దానిని తప్పుపట్టింది. ఆ ఆత్మవిమర్శను గౌరవిస్తాను. అది దేశంలోని ప్రతి కోర్టులో, ఈ బిలాస్‌పూర్‌లోనే ఉన్న ఛత్తీస్‌గఢ్ హైకోర్టుతో సహా, నిత్యాచారం కావాలి.

మరో వాదన: దర్యాప్తు సాగుతుండగా నివేదికలు బయటపెడితే నేరస్థులు తప్పించుకుంటారని. ఈ మాట వినగానే బిలాస్‌పూర్ వంటి ఊళ్లకు గుండె కలుక్కుమంటుంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక నెల తిరక్కుండానే సిద్ధమైంది. సి.బి.ఐ. దర్యాప్తు ఉన్నందున దానిని వెల్లడించబోమని రైల్వే చెప్పింది. రైల్వే తన తప్పును తానే విచారించుకోరాదనే, ఆ కమిషనర్‌ను రైల్వే శాఖ కింద కాక పౌరవిమానయాన శాఖ కింద ఉంచారు. విచారణకర్తను అలా స్వతంత్రుణ్ని చేసి, ఆయన రాసినదాన్ని మళ్లీ రైల్వే బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ స్వాతంత్ర్యానికి అర్థమేమిటి? నేరం ఎవరిదో దర్యాప్తు సంస్థ తేల్చుకోవచ్చు. సిగ్నల్ ఎందుకు తప్పిందో, మళ్లీ తప్పకుండా ఏం చేయాలో ఆ పట్టాలమీద రోజూ నడిచే మనిషికి తెలియాలి.

2025 నవంబరు 4న ఆ దుఃఖం ఈ ఊరి గడపకే వచ్చింది. గేవ్‌రా రోడ్ నుంచి వస్తున్న మెము రైలు బిలాస్‌పూర్ సమీపంలో గూడ్సు రైలును వెనుకనుంచి ఢీకొంది. పలువురు మరణించారు. మెము నడుపుతున్న లోకో పైలట్ కూడా వారిలో ఉన్నాడు. ఇలాంటి ప్రమాదాల్లో మొదటి నింద చనిపోయినవాడి మీద పడుతుంది. అతను జవాబు చెప్పలేడు కదా! ఎర్ర సిగ్నల్ దాటాడని ఒక్క వాక్యంలో తేల్చేస్తే, అతనికి ఇచ్చిన శిక్షణ, పని గంటలు, ఆ మార్గంలో లేని రక్షణ పరికరం, వీటి మీద సంతకాలు చేసిన పెద్దలు అందరూ ఆ వాక్యం వెనుక దాక్కోవచ్చు. అందుకే ప్రమాద నివేదిక ప్రతి పేజీతో, అనుబంధాలతో సహా ప్రజల చేతికి రావాలి. రైల్వే కాలనీలో ఉన్న ప్రతి ఇంటికీ అది ప్రాణావసరం.

చట్టం మనవైపే ఉంది. సమాచార హక్కు చట్టంలోని 8(3) సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన విషయాలకు కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప రహస్యం చెల్లదు. 1993 నాటి ప్రజా అభిలేఖల చట్టమూ ఉంది. కొరత చట్టానిది కాదు, అడిగే గొంతుది. పైగా 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ పేరిట తెచ్చిన చట్టం సమాచార హక్కులోని ఒక కీలక సెక్షన్‌ను సవరించి, అధికారి పేరు అడిగినా వ్యక్తిగతమనే వీలు కల్పించింది. దొంగ చేతికి తాళాలు ఇచ్చి కాపలా ఉండమన్నట్టుంది వ్యవహారం.

కాబట్టి నేను అడిగేవి మూడే. ముద్ర వేసిన ప్రతి పత్రం మీద ఎవరు వేశారో, ఏ కారణంతో వేశారో, ఎప్పుడు విప్పుతారో రాసి ఉండాలి. ఆజాద్ పాటించిన కనీస మర్యాద ఇది. విచారణ కమిషన్ల, రైల్వే భద్రతా కమిషనర్ల నివేదికలు నిర్ణీత గడువులో వాటంతటవే వెల్లడి కావాలి, ఆపాలంటే చట్టసభ ముందు కారణం చెప్పాలి. ఎన్నికకు సంబంధించిన ఏ సమాచారానికీ పోలింగ్ ముందు ముద్ర ఉండరాదు.

బిలాస్‌పూర్ స్టేషన్‌కు సాహిత్యంలో ఒక చోటుంది. రవీంద్రనాథ్ ఠాకూర్ కవిత 'ఫాంకి' కథ ఇక్కడే నడుస్తుంది. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న భర్త ఇక్కడ రైలు మారేందుకు ఆగుతాడు. ఒక పేద స్త్రీకి పాతిక రూపాయలు ఇమ్మని భార్య కోరుతుంది. అతను రెండు రూపాయలిచ్చి, ఆ సంగతి దాస్తాడు. భర్త మాట నిలబెట్టాడన్న తృప్తితోనే భార్య కన్నుమూస్తుంది. ఆ బాకీ తీర్చుకోవాలని అతను తిరిగి బిలాస్‌పూర్ వస్తే ఆ పేదరాలు ఎక్కడికి పోయిందో చెప్పేవారే ఉండరు.

దాచిన నిజానికి జరిగే అన్యాయం ఇదే. ఏదో ఒకనాడు అది బయటపడవచ్చు. కాని ఎవరికి చెప్పాలో వారు అప్పటికి ఉండరు. 2019 ఓటరుకు చెప్పవలసినది 2024లో చెప్పారు. బహనాగా మృతుల తల్లులకు చెప్పవలసినది ఇంకా బీరువాలో ఉంది. కనుక ఈసారి ఏదైనా పాత పెట్టె తెరుస్తున్నారని కెమెరాలు బారులు తీరినప్పుడు, లోపల ఏముందోనని ఊహించే ముందు, ఆ రైల్వే కార్మికుడు అడిగిన ప్రశ్న మనమూ అడుగుదాం. తాళం చెవి పోగొట్టినవాడెవడు?